బొగ్గు లోపలి చెయ్యి

చిట్టి బొమ్మలాట కంపెనీలో కుక్క. ఏం పని చేస్తావమ్మా అని ఎవరడిగినా ఆ మాటే చెప్పేది. అడిగినవాళ్లు నవ్వేవాళ్లు, తనూ నవ్వేది. ఆట కొత్తలో ఆ నవ్వు మనసులోంచే వచ్చేది.

కంపెనీ అంటే అదేదో పెద్ద వ్యవహారం అనుకునేరు. చిట్టి, ఆమె అక్క, బావ, లైట్లు చూసుకునే ఒకాయన, పాటలు పాడుతూ వాన చప్పుడు దగ్గర్నుంచి తలుపు కిర్రుమనడం దాకా అన్నీ నోటితోనూ రేకు డబ్బాలతోనూ పలికించే ఇంకొకాయన. అంతే. ఒకప్పుడు కాగితం బేళ్లు నిలవ చేసిన గోడౌను పై అంతస్తు అద్దెకు తీసుకుని, ఒక చివర నడుమెత్తు బల్ల కట్టి, దాని ముందు కుర్చీలు వేసుకున్నారు. వెలుతురు చొరబడకుండా కిటికీలకు నల్లగుడ్డ పరిచి మేకులు కొట్టేశారు. బయట వాన కురుస్తోందో ఎండ కాస్తోందో ఆట అయ్యి మెట్లు దిగితే గానీ తెలిసేది కాదు.

బావకు ఆ కంపెనీయే లోకం. అమ్మానాన్నలు పోయాక చిట్టిని అక్కతోపాటే తన ఇంటికి తెచ్చుకుని, చదివించి, బొమ్మ పట్టడం చేయిపట్టి నేర్పించింది ఆయనే. ఒక్కనాడు గట్టిగా కసిరిన మనిషి కాదు. అదే చిట్టికి చిక్కు. కసిరే మనిషినైతే ఎదిరించొచ్చు. ఈయన ముందు నోరు పెగిలేది కాదు.

వాళ్లకు పేరు తెచ్చిపెట్టింది ‘కుర్చీ కింద బొగ్గు’ అనే ఆట. అదే ఊళ్లో ఉంటున్న ఒక రచయిత తన కుక్క మీద రాసుకున్న చిన్న పుస్తకం అది. కుక్క పేరు బొగ్గు. వానకు తడిసి వణుకుతున్న నల్లటి పిల్ల ఒకటి, ఒక్క ముక్కా రాయలేక తల పట్టుకు కూర్చున్న మనిషి గదిలోకి దూరి, కుర్చీ కింద ముడుచుకు పడుకుంటుంది. ఆ రోజునుంచి ఆయన కలం సాగుతుంది. ఆయన రాస్తాడు, అది పడుకుంటుంది. ఆయన ఊళ్లు తిరుగుతాడు, అది వెంట తిరుగుతుంది. ఆయన జుట్టు నెరుస్తుంది, దాని మూతి నెరుస్తుంది. చివరికి ఒక సాయంత్రం ఆయన పాదం మీద గడ్డం ఆనించి కళ్లు మూస్తుంది. కథ ఇంతే. ఈ ఇంతకే పెద్దవాళ్లు కూడా కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగేవాళ్లు.

రచయిత బొమ్మను బావా అక్కా కలిసి ఆడించేవాళ్లు. తల, కుడిచెయ్యి, గొంతు బావవి, ఎడమచెయ్యి, కాళ్లు అక్కవి. కుక్క మాత్రం చిట్టి ఒక్కదానిదే. పాత నల్ల స్వెట్టర్లు విప్పి, ఆ ఊలుతో స్పాంజి మీద అల్లి అక్క చేసిన కుక్క అది. మెడలోంచి కుడిచెయ్యి దూర్చి పిడి పట్టుకుంటే తల తిరుగుతుంది. రెండు వేళ్లు కదిపితే చెవులు లేస్తాయి. ఎడమచెయ్యి వెనక్కు పెట్టి నడుం, తోక ఆడించాలి. ముగ్గురికీ ఒంటినిండా నల్లబట్టలు, మొహాన నల్ల ముసుగు, కళ్ల దగ్గర పల్చటి వల. బొమ్మలు బాగా ఆడితే వెనకున్న మనుషులు చూసేవాళ్ల కళ్లకు ఆనరు. అయితే కుక్క ఎప్పుడూ మనిషి కాళ్ల దగ్గరే కదా ఉంటుంది, అందుకని చిట్టి ఆటసాంతం మోకాళ్లు మడిచి, నడుం విల్లులా వంచి ఉండాల్సిందే. పొట్టిగా ఉంటావు, నీకే కుదురుతుంది అన్నాడు బావ మొదట్లో. కుదిరింది. మరీ బాగా కుదిరింది.

దీని తర్వాత వేసే ఆటలో చిట్టికి మాటలున్న బొమ్మ ఇస్తామన్నారు. తుఫానును తిట్టిపోసే ఒక ముసలమ్మ. అక్క ఆ ముసలమ్మ తల కూడా చెక్కి, రంగులు వేసి, మేకుకు తగిలించింది. కానీ బొగ్గు ఆట ఆగితే కదా ఇంకో ఆట మొదలయ్యేది. బడులవాళ్లు పిల్లలను వరసలు కట్టించి తీసుకొచ్చేవాళ్లు, పక్క ఊళ్లవాళ్లు పిలిపించుకునేవాళ్లు. చిట్టి అప్పుడప్పుడూ ముసలమ్మ సంగతి ఎత్తితే, నడుస్తున్న బండికి ఎవరైనా అడ్డం పడతారా చిట్టీ అనేవాడు బావ. ముసలమ్మ బుగ్గల మీద దుమ్ము పేరుకుంది. చిట్టి పొద్దున్నే దుమ్ము దులిపేది, మొరిగేది, మూలిగేది, ఇంటికి పోయేది. ఆటలో ఆమె నోటినుంచి మాటన్నదే లేదు.

ఆట మొదలైన కొన్నాళ్లకు రచయిత స్వయంగా చూడటానికి వచ్చాడు. అందరూ మేష్టారనేవాళ్లు ఆయన్ను. చేతికర్ర ఊతంగా నడుస్తాడు. తెల్లటి పల్చని జుట్టు, చొక్కా పై గుండీ వరకూ పెట్టుకుంటాడు. వెంట ఆయన మేనకోడలు, యాభై దాటిన మనిషి, సంచీలో మందులు పట్టుకుని వచ్చింది. అసలు బొగ్గు పోయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఆటకు అనుమతి ఇచ్చినప్పుడు మేష్టారు కాగితం రాయలేదు, రూపాయి అడగలేదు. నేనెప్పుడొచ్చినా ముందు వరసలో ఒక కుర్చీ ఉంచండి చాలు అన్నాడట.

ఆట అయ్యాక జనం వెళ్లేదాకా ఆగి, కర్ర తాటించుకుంటూ బల్ల వెనక్కు వచ్చాడు. చిట్టి ఇంకా ముసుగు తియ్యలేదు, చెయ్యి కుక్కలోనే ఉంది. ఆయన ఆమెను చూడలేదు. వంగి, సన్నటి గొంతుతో, “బొగ్గూ” అన్నాడు.

చిట్టి అనుకుని చేసింది కాదు. ఆమె మణికట్టు దానంతట అదే తిరిగింది, చెవులు లేచాయి. కుక్క ఆయన వైపు రెండడుగులు వేసి మోకాలి మీద గడ్డం పెట్టింది. ముసలాయన వేళ్లు దాని చెవుల వెనక తడిమాయి. ఆ వేళ్ల బరువు స్పాంజిలోంచి చిట్టి కణుపులకు తెలిసింది.  చాలాసేపటికి మేనకోడలు ఆయన భుజం పట్టుకుని, పోదాం మామయ్యా అంది.

మర్నాడు బావకు ఫోన్ వచ్చింది. సోమవారం కంపెనీకి సెలవు కదా, ఆ మధ్యాహ్నం కుక్కను ఒకసారి ఇంటికి తీసుకురాగలరా అని. బావ చిట్టిని అడక్కుండానే సరేనన్నాడు. ఒక్కసారే కదా, పెద్దాయన, ముచ్చట పడుతున్నాడు అన్నాడు ఆమెతో. ఆ పైన గొంతు తగ్గించి, ఆయన వద్దన్న రోజున మన ఆట ఆగిపోతుంది చిట్టీ, మన చేతిలో కాగితం ముక్క కూడా లేదు అన్నాడు.

అలా మొదలైంది.

మేష్టారి ఇల్లు మూడో అంతస్తులో. ముందు ఇరుకు గది, గోడల నిండా పుస్తకాలు, కిటికీ పక్కన చేతుల కుర్చీ. కుర్చీ కింద పాత దుప్పటి, దాని పక్కన బొగ్గు నీళ్లు తాగిన సత్తు గిన్నె ఇంకా అలాగే ఉన్నాయి. చిట్టి గుమ్మంలోనే ముసుగు వేసుకుని, కుక్కను చేతికి తొడుక్కుని లోపలికి రావాలని మేష్టారి కోరిక. ఆమె పేరు ఆయన అడగలేదు, ఆమె మొహం వైపు చూడలేదు. మాట్లాడేదంతా కుక్కతోనే. పన్ను నొప్పి గురించి, పేపర్లో చదివినదాని గురించి, ఎంత తన్నుకున్నా గుర్తుకు రాని ఒక మాట గురించి చెప్పేవాడు. చిట్టి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కుక్క తల ఆడిస్తూ వినేది. దగ్గొస్తే మింగేది. దురద పుడితే ఓర్చుకునేది.

తప్పులు పట్టేది కూడా కుక్కనే. “ఏరా, ముందు ఎడమ చెవి కదా ఎత్తేవాడివి, మర్చిపోయావా?” అనేవాడు. చిట్టి తర్వాతినుంచి ఎడమ చెవి ముందు ఎత్తేది. పడుకునే ముందు ఒక చుట్టు చుట్టేవాడివి గదరా అనేవాడు. చుట్టడం నేర్చుకుంది. వారాలు గడిచేకొద్దీ కుక్క బొగ్గులా తయారైంది. గోడౌనులో ఆట కూడా దాంతో ఇంకా రక్తికట్టింది. బావ పొంగిపోయాడు. బొగ్గే దిగొచ్చినట్టుంది చిట్టీ, ఇది ఇంకెవరివల్లా కాదు అన్నాడు. ఆ మాట విని చిట్టి ఒంటి మీద చన్నీళ్లు పోసినట్టయింది.

ఇంకో సంగతి. చిట్టి వచ్చిన సోమవారాలు మేనకోడలు బయటికి వెళ్లేది, బయటినుంచి తాళం వేసుకుని మరీ. ఒకసారి మేష్టారు, పోయిన కుక్కను వెతుక్కుంటూ ఒంటరిగా వీధిలోకి దిగిపోయి, సైకిలు గుద్ది కిందపడ్డాడట. అప్పటినుంచీ ఆమెకు భయం. రెండో తాళంచెవి ఒకటి ఉండేది గానీ అది ఎప్పుడో పోయింది. ఏమనుకోకమ్మా, రెండు గంటల్లో వచ్చేస్తాను అనేది. ఏమనుకోవాలో చిట్టికి తెలిసేది కాదు. తాళం పడ్డ చప్పుడు వినగానే తలుపు వంక తిరిగి చూసేది.

ఇంటి దగ్గర కూడా ఆమె ఒళ్లు ఆమె సొంతం కాకుండా పోయింది. వీధిలో సైకిలు గంట మోగితే ముందు మెడ తిరిగేది, ఆ పైన ఓహో సైకిలనుకునేది. మందుల షాపులో మోకాళ్లకు రాసుకునే నూనె కొంటుంటే, బొగ్గు కులాసాయేనా అని పరాచికమాడేవాడు షాపాయన. కాళ్లు చాపుకుని పడుకుంటే నిద్రపట్టేది కాదు. ముడుచుకుంటేనే పట్టేది. అక్క ఒకరోజు ఆమె వీపు మీద నూనె రాస్తూ, ఏమిటే ఈ గూని అంది. చిట్టి రవిక సర్దుకుంది. అక్క ఇంకేం అడగలేదు. అడిగితే బావదాకా పోవాలి.

వాన ముసురు పట్టిన రోజుల్లో ఒక పొరుగూరి దర్శకురాలు ఆట చూడటానికి వచ్చింది. పొడుగాటి మనిషి, గొంతు గట్టిది. ఆమెది బొమ్మల కంపెనీ కాదు, మనుషులు వేసే నాటకాల కంపెనీ. ఆట అయ్యాక మెట్ల మీద కూర్చుని, చిట్టి ముసుగు తీసి కిందికి వచ్చేదాకా కాచుకుంది. కుక్కను పట్టుకున్నది నువ్వేనా అని అడిగి, చూసిన మొదటి పావుగంట కుక్కను చూశాను, తర్వాతంతా నిన్నే చూశాను అంది. తన కొత్త నాటకంలో పడవ నడిపే ఆడమనిషి వేషం ఉందనీ, నిలబడి గొంతెత్తి మాట్లాడాలనీ, నెలాఖరులోగా చెప్పమనీ అంది.

చిట్టి ఆ రాత్రంతా పక్క మీద పడవ నడిపింది. పొద్దున్నే బావకు చెప్పింది. బావ టీ గ్లాసు కింద పెట్టాడు. నీ ఇష్టం చిట్టీ, నిన్ను కట్టేసి ఉంచుతానా, కాకపోతే కుక్కను ఎవరికైనా అప్పజెప్పి వెళ్లు అన్నాడు. న్యాయమైన మాటే. చిట్టి అక్కను కూర్చోబెట్టి నేర్పించింది. చెవులు, మెడ, చుట్టు, అన్నీ. అక్క చేతిలో కుక్క కదిలేది, కానీ బతికేది కాదు. అయినా ఒక ఆదివారం ధైర్యం చేసి ఆడించారు. చిట్టి అక్క స్థానంలో రచయిత కాళ్లు పట్టుకుంది.

ముందు వరసలో మేష్టారున్నాడు. ఆట సగం కాకుండానే కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు. చీకట్లో అందరూ వినేటట్టు, “ఇది వాడు కాదు” అని, వెనక్కు తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. మర్నాడు మేనకోడలు ఫోన్ చేసింది. మామయ్య నిన్నటినుంచి మెతుకు ముట్టలేదు, కుక్కను అలా చేశారేమిటి అని ఏడ్చినంత పనిచేసింది. బావ ఫోన్ పెట్టేసి చిట్టి వంక చూశాడు.  ఆ చూపు చాలింది. చిట్టి దర్శకురాలికి ఇప్పుడు కుదరదని కబురు పెట్టి, నల్లబట్టలు తొడుక్కుని మూడంతస్తులూ ఎక్కింది. బొగ్గు గొంతు వినగానే మేష్టారు మంచంమీంచి లేచి అన్నం తిన్నాడు.

కొన్నాళ్లకు సోమవారంతోపాటు గురువారం పొద్దున కూడా రమ్మన్నాడు మేష్టారు. బావ సరేనన్నాడు. వారంలో చిట్టికంటూ ఉన్న పూటలన్నీ కరిగిపోయాయి.

ఒకసారి తెగించి మేనకోడలితోనే చెప్పేద్దామనుకుంది. ఆవిడా ఆడమనిషే, అర్థం చేసుకుంటుందనుకుంది. ఆ రోజు మేనకోడలు అద్దం ముందు జడ వేసుకుంటోంది. చెప్పులు అప్పటికే వేసుకుంది. చిట్టి నోరు తెరిచేలోపే ఆవిడ తన మాట మొదలుపెట్టింది. ఎక్కడికి వెళ్తానో తెలుసా, ఎక్కడికీ వెళ్లను, బస్సెక్కి చివరి స్టాపుదాకా పోయి అదే బస్సులో వెనక్కొస్తాను, కిటికీ పక్క సీటు దొరికితే ఆ రోజు పండగే అంది. పెళ్లీ పెటాకులూ లేకుండా మామయ్య దగ్గరకు చేరి ఎన్నేళ్లయిందో కూడా లెక్క లేదట. జడ ముడి వేసుకుని ఇటు తిరిగింది.

“నీకు చెప్పనిదేముంది చిట్టీ. నువ్వు రాకపోతే నేనీ గుమ్మం దాటను.”

చిట్టి ముసుగు మొహం మీదికి లాక్కుంది.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో ఒక సోమవారం జరిగిందిది. మేనకోడలు ఎప్పట్లాగే తాళం వేసుకుని వెళ్లింది. మేష్టారు కుర్చీలో కూర్చుని ఏదో పాత ప్రయాణం సంగతి చెబుతున్నాడు. గాలి ఆడటం లేదు. ముసుగులో చిట్టికి చెమట కళ్లల్లోకి కారుతోంది. ఆవిడ రావాల్సిన వేళ దాటింది. కిటికీలోంచి పడే ఎండ పుస్తకాల మీదినుంచి జారి గోడ దిగింది. ఆవిడ రాలేదు. మేష్టారి మాటలు కూడా అయిపోయాయి. కుక్క తల మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నాడు. ఆ చెయ్యి కింద చిట్టి చెయ్యి తిమ్మిరెక్కింది, మోకాళ్లు ఎప్పుడో మొద్దుబారాయి. కదిలితే ఆయన లేస్తాడు. ఎంతసేపని కదలకుండా ఉండటం? గొంతు ఎండిపోయింది. గది గోడలు దగ్గరకు జరుగుతున్నట్టనిపించింది. ఊపిరి పీల్చుకుంటే ముసుగు గుడ్డ నోట్లోకి వచ్చింది.

అప్పుడు కుక్క లేచింది.

చిట్టి తనేం చేస్తోందో ఆలోచించలేదు. కుక్క ఆయన చేతి కిందినుంచి తల తప్పించుకుని, గది దాటి, తలుపు దగ్గరకు పోయి నిలబడింది. మూతితో తలుపును తోసింది. ముందుకాలితో గీరింది. మళ్లీ గీరింది.

మేష్టారు కళ్లు తెరిచాడు. “ఇట్రా బొగ్గూ” అన్నాడు. కుక్క వెనక్కు తిరగలేదు. చెవులు కూడా లేపలేదు. వాడలా చెయ్యడు, ఇట్రా అన్నాడు మళ్లీ, ఈసారి కాస్త కోపంగా. కుక్క తలుపు గీరుతూనే ఉంది. ఊలు తెగి లోపలి స్పాంజి కనిపిస్తోంది. చిట్టికి కన్నీళ్లొస్తున్నాయి గానీ చప్పుడు లేదు. ఈ ఇంట్లో చప్పుడు చెయ్యని అలవాటు ఏడుపుకు కూడా పట్టుకుంది.

మేష్టారు కర్ర వెతుక్కుని, కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచాడు. నెమ్మదిగా తలుపు దాకా వచ్చాడు. వంగి చూద్దామనుకున్నాడు కాబోలు, మోకాళ్లు సహకరించక గోడకు జారగిలబడి నేల మీద కూలబడ్డాడు. చిట్టి ఎడమచెయ్యి అందించింది. ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు. కుక్కలో లేని చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. కాసేపు రొప్పాక, కుక్క వంక కాదు, వలలోంచి సూటిగా చిట్టి కళ్ల వంక చూశాడు.

“నీకేం కావాలమ్మా?”

చిట్టి ముసుగు తీసేసింది. జుట్టంతా నుదుటికి అతుక్కుపోయి ఉంది. మాట్లాడబోతే మొదట గాలి తప్ప ఏమీ రాలేదు. “బయటికి వెళ్లాలండీ” అంది చివరికి.

“నాకూ వెళ్లాలనే ఉంది” అన్నాడు మేష్టారు. “తాళం చెవి మా అమ్మాయి దగ్గరుంది.”

ఇద్దరూ తలుపుకు ఆనుకుని అలాగే కూర్చున్నారు. చిట్టి లేచి ఆయనకు నీళ్లు తెచ్చింది, తనూ తాగింది. నీ గొంతు ఇలా ఉంటుందనుకోలేదు, సన్నగా ఉంటుందనుకున్నాను అన్నాడాయన. తర్వాత పేరు అడిగాడు. ఎంత కాలంగా మోకాళ్లు నొప్పి అని అడిగాడు. అడిగినవాటికల్లా ఆమె చెప్పింది. దర్శకురాలి సంగతి, పడవ వేషం సంగతి, ముసలమ్మ బొమ్మ మీద దుమ్ము సంగతి, అన్నీ. చెబుతున్నకొద్దీ గొంతు తేరుకుంది.

మేష్టారు అన్నీ విన్నాక కర్రను పక్కకు జరిపాడు.

“మొదట్లో వాడి కోసమే పిలిచానమ్మా, అబద్ధం చెప్పను. మీ అక్క పట్టుకున్న రోజు నాకు నిజంగానే గుండె జారింది. కానీ మనిషికి ఏడుపు కూడా అరుగుతుంది. పోయిన చలికాలానికే నాకు అరిగింది. వాడు పోయాడు, ఇది స్పాంజి, నాకు తెలుసు.”

మరెందుకు రమ్మన్నారు అని అడిగింది చిట్టి. గురువారాలు కూడా ఎందుకు పెట్టారు?

“మా అమ్మాయి కోసం. నువ్వొచ్చిన రోజే అది బయటికి వెళ్తుంది. వచ్చాక మొహంలో కాస్త కళ ఉంటుంది, ఆ పూట కూరలో ఉప్పు కూడా సరిగ్గా పడుతుంది. ఒంటరిగా ఉంటాను నువ్వెళ్లు అంటే వినదు. నీ సంగతి మీ బావను అడిగాను. మా పిల్లకు మీ ఇంటికి రావడమంటే ప్రాణం అన్నాడు.”

చిట్టికి నవ్వొచ్చింది. అది ఏడుపులోంచి వచ్చిన నవ్వు కావడంతో ముక్కు చీదుకోవాల్సి వచ్చింది. మేష్టారు తన జేబురుమాలు ఇచ్చాడు. కుక్క ఇద్దరి మధ్యా నేల మీద పక్కకు ఒరిగి పడి ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మేనకోడలు దీపాలు పెట్టే వేళకు వచ్చింది. తాళం తీసి తలుపు నెడితే కదల్లేదు, ఇద్దరూ దానికే ఆనుకుని ఉన్నారు మరి. లోపలినుంచి జరిగాక, సందులోంచి తల పెట్టి వాళ్లిద్దర్నీ నేల మీద చూసి, మామయ్యకేమైందని కంగారు పడింది. ఏమీ కాలేదు, నీకేమైంది అన్నాడాయన. ఆవిడ చెప్పులు విప్పకుండానే గోడకు ఆనుకుంది. బస్సు చెడిపోలేదు, ఏమీ కాలేదు, చివరి స్టాపులో దిగి బెంచీ మీద కూర్చున్నాను, ఎక్కాల్సిన బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, నాకే లేవబుద్ధి కాలేదు అంది. తప్పు చేసిన దానిలా అంది.

“కూర్చుంటే కూర్చున్నావులే” అన్నాడు మేష్టారు. “రేపటినుంచి తాళం మాత్రం వెయ్యకు. చిట్టి ఇక రానక్కర్లేదు. నేనెక్కడికీ పోను. పోయినా ఈసారి నిన్ను వెంటబెట్టుకునే పోతాను.”

ఆవిడకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒప్పుకోలేదు. ఆ వాదన చాలా రోజులు నడిచిందని చిట్టి తర్వాత విన్నది.

ఇంటికి వెళ్లగానే చిట్టి బావ దగ్గరకు పోయింది. అక్క వంటగది గుమ్మంలో నిలబడి వింటోంది. మేష్టారింటికి ఇక వెళ్లక్కర్లేదని ఆయనే అన్నాడని చెప్పింది. బావ మొహం వెలవెలబోయింది. ఆట ఆపమన్నాడా అని అడిగాడు. ఆపమనలేదు, ఎన్నాళ్లయినా ఆడుకోమన్నాడు, కానీ నేను ఆడను అంది చిట్టి.

“అక్కడికి వెళ్లడం నాకు ప్రాణమని చెప్పారట మీరు.”

“ఇష్టం లేదని నువ్వెప్పుడైనా చెప్పావా?” అన్నాడు బావ. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

చిట్టి ఆలోచించింది. కుక్క సంగతి, మోకాళ్ల సంగతి, తాళం సంగతి, ఏదీ ఈయనకు చెప్పిన గుర్తు లేదు.

“చెప్పలేదు బావా. ఇప్పుడు చెబుతున్నాను.”

బావ లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమెతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. దెబ్బతిన్నట్టు నడిచేవాడు. అది చూసి చిట్టి మనసు ఎన్నిసార్లు మెత్తబడిందో. బడుల ఆటలు ముగిసేదాకా ఉంటానని తనే ఒప్పుకుంది. ఆ రోజుల్లో కుక్కలో చెయ్యి దూర్చిన ప్రతిసారీ, ఇక బయటికి రాదేమోనని భయమేసేది. అక్క మాత్రం అందరూ పడుకున్నాక ఇంట్లో దిండును ఒళ్లో పెట్టుకుని చెవులు లేపడం సాధన చేసేది. ఒకరోజు చిట్టిని నిద్రలేపి, ఎడమదేనా ముందు అని అడిగింది. అక్క పట్టిన కుక్క మొదటి ఆటకు మేష్టారు వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. కుక్క రెండుసార్లు తప్పు చెవి ఎత్తింది. ఆయన కదలకుండా చివరిదాకా కూర్చుని, అందరితోపాటు చప్పట్లు కొట్టి వెళ్లాడు.

చిట్టి పొరుగూరు వెళ్లేసరికి పడవ వేషం ఇంకెవరికో ఇచ్చేశారు. దర్శకురాలు తప్పు తనది కాదన్నట్టు చేతులు విప్పి, ఒడ్డున చేపలు బాగుచేసే మనిషి వేషం ఉంది, నాలుగంటే నాలుగే మాటలు, చేస్తావా అంది. చేస్తానంది చిట్టి.

మొదటి రిహార్సల్ నాడు పెద్ద హాల్లో కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. కింద వీధిలో మనుషులు కనిపిస్తున్నారు. చిట్టి తన చోటికి పోయి నిలబడింది. మొదటి మాట పలకబోతుంటే దర్శకురాలు ఆపింది. ఎందుకలా వంగుతున్నావు, నిలబడు అంది. నిలబడే ఉన్నాననుకుంది చిట్టి. చూసుకుంటే మోకాళ్లు మడిచే ఉన్నాయి. నిటారుగా నిలబడితే నడుం కలుక్కుమంది, ఒళ్లంతా ఎవరో చూస్తున్నట్టనిపించింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక్కు పెట్టుకుంది, ముందుకు తెచ్చుకుంది, చీర కొంగు పట్టుకుంది, వదిలేసింది. మిగతా నటులు ఓపికగా చూస్తున్నారు.

“తొందరేం లేదు” అంది దర్శకురాలు. “ఎప్పుడు కుదిరితే అప్పుడే చెప్పు.”

చిట్టి మళ్లీ మోకాళ్లు నిటారుగా చేసుకుంది. మొదటి మాట చెప్పింది. అది హాలు సగందాకా కూడా వెళ్లలేదు. ఇంకోసారి చెప్పింది.